నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన కారు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా కంటె ముందు మాట్లాడిన వారు డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి వివరంగా చెప్పారు. నాకు కార్యవర్గం వారు అప్పగించినది కారు విషయం. మన సభ్యుల్లో చాలామందికి పాత కారు ఒకటి ఉంటుంది. గ్రాట్యుటీ డబ్బులోంచి కొన్నదో, పిల్లలు అమెరికా వెళుతూ వదిలి వెళ్లినదో. అది నడిరోడ్డు మీద ఆగిపోయి మళ్లీ స్టార్టు కాకపోతే ఏం చూడాలో చెప్పమన్నారు. నేను మెకానిక్‌ను కాను, గుమాస్తాను. అయితే నా ముప్పయి ఆరేళ్ల సర్వీసులో పదకొండేళ్లు వాహనాల సీటు చూశాను. ఆఫీసు జీపుల, అంబాసిడర్ల లాగ్ పుస్తకాలు, పెట్రోలు కూపన్లు, రిపేరు బిల్లులు నా బల్ల మీదుగానే పోయేవి. ఒకే బండికి ఒకే ఏడాదిలో మూడుసార్లు కాయిల్ మార్చినట్టు బిల్లు వస్తే ఎందుకు మార్చవలసి వచ్చిందని నోటు పెట్టేది నేనే. ఆ ప్రశ్నకు జవాబు కోసం డ్రైవర్ల దగ్గర కూర్చొని విన్నదే నా చదువు.

మనలో సగం మంది యూసఫ్‌గూడ, కృష్ణానగర్, శ్రీనగర్ కాలనీ వైపు వారే. మనం ఎటు పోవాలన్నా చాలాసార్లు జూబ్లీహిల్స్ ఎక్కి దిగవలసిందే. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో మొదలైన నాటికి ఆ వైపంతా రాళ్లూ తుప్పలే. తరువాత కృష్ణ గారి పద్మాలయా, రామానాయుడు గారి స్టూడియో, ఫిలిం ఛాంబరు, ఇలా ఫిల్మ్ నగర్ అని ఒక ఊరే వెలిసింది. రోడ్లు మాత్రం కొండ వాలు ఎలా ఉంటే అలాగే పోయాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఈనాడు చెక్‌పోస్టు లేదు, పేరు మిగిలింది, ఎత్తూ మిగిలింది. 2019 నుంచి అక్కడ మెట్రో స్టేషను ఉంది గాని, మెట్రో ఫిల్మ్ నగర్ లోపలికి పోదు. కనుక మనకు కారు తప్పడం లేదు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు పని ఎక్కువ, బండికి వేగం తక్కువ. ఎదురుగాలి తగలదు. మే నెల ఎండ, సిగ్నల్ దగ్గర పది నిమిషాల నిలుపు, పైగా ఏసీ. బండిలో ఏ జబ్బు దాగి ఉన్నా ఆ ఎత్తు మీదే బయటపడుతుంది.

పాత రోజుల్లో ఈ జబ్బుకు ఒక పేరుండేది. డ్రైవర్లు "గ్యాస్ పట్టింది" అనేవారు, వేపర్ లాక్ అన్నమాట. అంబాసిడర్, ఫియట్ బండ్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉండేది. అది వెనక టాంకులోంచి పెట్రోలును పీల్చుకునేది. ఇంజను బాగా కాగితే పైపులోని పెట్రోలు అక్కడికక్కడే మరిగి ఆవిరైపోయేది. పంపు ద్రవాన్ని లాగగలదు గాని ఆవిరిని లాగలేదు. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. డ్రైవరు బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలు తడిపి పంపు మీద వేసి, బీడీ కాల్చుకోవడానికి దూరంగా పోయేవాడు. పావుగంటలో పంపు చల్లబడేది, బండి కదిలేది. షూటింగు కంపెనీల బండ్లకు వేసవిలో ఈ తడిగుడ్డ స్పేర్ టైరంత ముఖ్యమని మా డ్రైవర్లు చెప్పేవారు.

ఆ బండ్ల కాలం అయిపోయింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా ఆ 2014లోనే ముగిసింది. 2000 ప్రాంతం నుంచి కార్బురేటర్ల స్థానంలో పెట్రోలును సన్నని తుంపరగా చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. పంపు టాంకులోకి పోయింది. అది పెట్రోలును పీల్చదు, వెనక నుంచి గట్టిగా నెడుతుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత సులభంగా మరగదు. అందుచేత నేటి బండికి గ్యాస్ పట్టడం అరుదు. అయినా వేడెక్కి ఆగిపోయే బండ్లు ఇప్పటికీ ఉన్నాయి, కారణం మాత్రం మారింది. ఎక్కడ ఆగినా పాత రోగమే అనుకొనే పెద్దవారున్నారు, కంప్యూటరే పోయిందని భయపడే పిల్లలున్నారు. రెండూ తొందరపాటే.

ఇంజను తిరగాలంటే దానికి గాలి కావాలి, పెట్రోలు కావాలి, సమయానికి నిప్పురవ్వ కావాలి. గాలి సాధారణంగా ఎక్కడికీ పోదు. నడుస్తున్న బండి ఆగిందంటే పెట్రోలు అందడం లేదు, లేదా నిప్పు పడడం లేదు, లేదా ఈ రెంటినీ నడిపించే కరెంటు పోయింది. ఈ మూడింటిలో ఏది పోయిందో తెలుసుకోవలసింది బండి ఆగి ఉన్న ఆ అరగంటలోనే. చల్లబడి స్టార్టయిన తరువాత సాక్ష్యం మాయమైపోతుంది. షెడ్డుకు తీసుకుపోతే బండి నవ్వుతూ నడుస్తుంది. అప్పుడు మెకానిక్ చేయగలిగింది ఊహించడం ఒక్కటే. ఊహకు తగ్గట్టు ఒక సామాను మార్చడం, మళ్లీ ఆగితే ఇంకొకటి మార్చడం. ఆ ఊహల ఖర్చు మన పెన్షన్‌లోంచి పోతుంది.

మా మిత్రులొకరి సంగతి చెబుతాను. ఆయన రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యారు. ఈ రోజు సభలో మూడో వరుసలో ఉన్నారు, వారి అనుమతితోనే చెబుతున్నాను. వారి శ్రీమతి గారికి వారానికి మూడు రోజులు డయాలిసిస్. కృష్ణానగర్ నుంచి ఫిల్మ్ నగర్ దాటి ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లేవారు. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే కారు ముత్యంలా నడిచేది. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు, చెక్‌పోస్టు వైపు ఎత్తు ఎక్కుతూ ఉండగా, స్విచ్చి కట్టేసినట్టు ఠక్కున ఆగిపోయేది. దగ్గడం లేదు, కుదుపు లేదు. సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరిగేది గాని అందుకునేది కాదు. అరగంట, ముప్పావుగంట తరువాత ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. నాలుగు గంటలు యంత్రం మీద పడుకొని, బీపీ దిగిపోయి వచ్చిన మనిషి ఆ ఎండలో, ఏసీ లేని కారులో కూర్చోవలసి వచ్చేది. ఒకసారి దారిన పోయే ఆటో ఆపి ఆవిడను ఇంటికి పంపి, ఈయన కారు దగ్గర కాపలా ఉన్నారు.

ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. తరువాత ప్లగ్గులు మార్చాడు. ఆ తరువాత టాంకులోని పంపు మార్చాడు. మొత్తం ఇరవై మూడు వేల చిల్లర. నాలుగోసారి ఇంజను దించాలన్నాడు. మా వాడు కారు అమ్మేద్దామనుకున్నారు. అమ్మితే వారానికి మూడు రోజులు, రానూ పోనూ టాక్సీ. ఆ లెక్క కాగితం మీద వేసి నాకు చూపించారు. పెన్షన్‌లో అదెంత భాగమో మీకు చెప్పనక్కరలేదు.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే, ఫైలు తెరవడం. ఇరవై రూపాయల నోటుపుస్తకం కొని గీతలు గీసి ఇచ్చాను. తేదీ, బయలుదేరిన వేళ, ఆగిన వేళ, ఎక్కడ, ఎండా వానా, టాంకులో పెట్రోలు ఎంత, ఆగే ముందు ఏమైనా దీపం వెలిగిందా, మళ్లీ స్టార్టవడానికి ఎంతసేపు పట్టింది. ఇంతే. మూడు వారాల్లో అయిదు నమోదులు వచ్చాయి. ఉదయం పూట ఒక్కటీ లేదు. అయిదూ మధ్యాహ్నం పన్నెండు దాటాకే, కారు నాలుగు గంటలు ఎండలో నిలిచి ఉన్నాకే. పెట్రోలు ఒకసారి నిండుగా ఉంది, ఒకసారి పావు ఉంది, తేడా లేదు. మబ్బు పట్టిన రెండు రోజులు ఆగనే లేదు. వేడే కారణమని ఆ పేజీయే చెప్పింది.

ఆరోసారి నేను వెంట ఉన్నాను. ఫిల్మ్ నగర్ దాటి కొంత దూరం ఎక్కేసరికి ఆగింది. పక్కకు తీసి, దీపాలు వెలిగించి, మేము చేసినవి మూడు పనులు.

మొదటిది, సెల్ఫ్ కొట్టి చూడడం. ఇంజను చురుగ్గా తిరిగింది. అంటే బ్యాటరీ బాగుంది. అదే 'టిక్ టిక్' మని ఊరుకుంటే, లేదా ఆగే ముందు ఎర్రని బ్యాటరీ గుర్తు వెలిగి, దీపాలు మసకబారి ఉంటే, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి.

రెండవది, పంపు చప్పుడు వినడం. కిటికీలు మూసి, ఏసీ ఫ్యాను ఆపి, తాళం 'ఆన్' దాకా తిప్పి, స్టార్టు చేయకుండా ఆగాలి. బటన్ కార్లలో బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కాలి. చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు కింద రెండు సెకన్లు 'జుయ్' మని సన్నని చప్పుడు వస్తుంది. నా చెవులు ఇప్పుడంత బాగా పనిచేయవు. వెనక కూర్చున్న చెల్లెమ్మ గారే "వస్తోంది అన్నయ్య గారూ" అన్నారు. అది రాకపోతే ఫ్యూజు, రిలే, పంపు, వాటి తీగలు చూడాలి. రిలే అంటే అగ్గిపెట్టె కంటె చిన్న డబ్బీ, కరెంటును కలిపీ తీసీ చేస్తుంది. కొన్ని కార్లలో హారను రిలే అదే రకంది ఉంటుంది. మెకానిక్ రెంటినీ తారుమారు చేసి ఒక్క నిమిషంలో తేల్చగలడు.

మూడవ పని మాకు తట్టలేదు, ఒక పెద్దమనిషి చెప్పాడు. మా వెనకే ఔట్‌డోర్ యూనిట్ వ్యాను ఒకటి ఆగింది. దాని డ్రైవరు అరవై దగ్గర పడ్డవాడు. "బాబాయ్ గారూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కదులుతోందా చూడండి" అన్నాడు. ఇంజను తిరుగుతోంది గాని, ముల్లు సున్నా మీద చచ్చి పడి ఉంది. "క్రాంకు సెన్సారు బాబాయ్" అన్నాడు.

ఇంజనులోని ప్రధాన ఇరుసు ఏ క్షణంలో ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టి కంప్యూటరు పెట్టెకు చెప్పే వేలెడంత పరికరం అది. దానినుంచి కబురు అందకపోతే ఆ పెట్టె ఇంజను ఆగి ఉందనే అనుకుంటుంది. నిప్పూ పడనివ్వదు, పెట్రోలూ చిమ్మనివ్వదు. దాని లోపల సన్నని తీగ చుట్ట ఉంటుంది. అది పాతబడితే వేడికి ఎక్కడో విడిపోతుంది, చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది. ఉదయం నడిచి మధ్యాహ్నం ఆగడానికి అదే కారణం. ఆ డ్రైవరు ఇంజను గేరు బాక్సు కలిసే చోట చెయ్యి పోనిచ్చి, తన తువ్వాలు మంచినీళ్ల సీసాతో తడిపి ఆ సెన్సారు మీద వేశాడు. పది నిమిషాల తరువాత ముల్లు కదిలింది, బండి అందుకుంది. అంబాసిడర్ల కాలం నాటి తడిగుడ్డే! కాకపోతే అప్పుడు పంపు మీద, ఇప్పుడు సెన్సారు మీద. మనలాంటి వారు వేడి ఇంజనులో చెయ్యి పెట్టవద్దు. అతనికి అలవాటు. తిరిగే బెల్టులు, ఫ్యానులు ఉంటాయి, ఇంజను ఆగి ఉన్నా కొన్ని కార్లలో ఫ్యాను దానంతట అది తిరుగుతుంది.

మరుసటి రోజు వేరే షెడ్డులో సెన్సారు మార్పించారు. కూలితో కలిపి రెండు వేల లోపే అయింది. ఆ తరువాత ఆ కారు ఆ ఎత్తు మీద ఆగలేదు. పదహారు నెలలు, వారానికి మూడు రోజులు తిరిగింది. ఆ తరువాత తిరగవలసిన అవసరం లేకపోయింది. కారు ఇప్పటికీ వారి దగ్గరే ఉంది.

ఒక్క మాట. ఠక్కున ఆగితే అన్నీ సెన్సారే అనుకోవద్దు. కొన్ని కార్లకు ఆర్‌పీఎం ముల్లే ఉండదు. ఉన్నా, అన్నిటిలో అది ఇదే విధంగా చెప్పదు. అందుకే కోడు చదివించమంటాను. 2010 తరువాత వచ్చిన చాలా కార్లలో స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి చిన్న యంత్రం తగిలిస్తే బండి కంప్యూటరు తాను రాసిపెట్టుకున్న తప్పుల నంబర్లు చూపిస్తుంది. క్రాంకు సెన్సారు సర్క్యూటుకు నంబరు పీ 0335. మన జీవో నంబర్ల లాగే, దాన్ని కాగితం మీద రాయించుకోండి. అయితే కోడు ఏ సర్క్యూటులో గొడవో చెబుతుంది గాని ఏ సామాను మార్చాలో చెప్పదు. తీగ తెగినా అదే నంబరు వస్తుంది, ప్లగ్గు వదులైనా అదే వస్తుంది. తీగలు చూడకుండా సామాను మార్చేవాడికి "ముందు కనెక్షను చూడు నాయనా" అని మర్యాదగా చెప్పవచ్చు.

బండి ఠక్కున ఆగకుండా, దగ్గుతూ, కుదుపులతో, బలం తగ్గుతూ ఆగిందనుకోండి. అది ఎక్కువగా పెట్రోలు దారి. ఫిల్టరు మూసుకుపోవడం, పంపు బలహీనపడడం. టాంకులో పెట్రోలు అడుగంటి ఉంటే, వాలు మీద అది ఒక పక్కకు జారి పంపుకు అందదు. చదునులో నడిచిన బండి ఎత్తు మీద ఆగడానికి అదొక్కటే చాలు. పెట్రోలు ముల్లును నమ్మకండి, కొన్ని ముళ్లు పాత సూపరింటెండెంట్లలాగా ఉన్నచోటే ఉంటాయి. టాంకు మూత కాస్త వదులు చేసి చూడండి. 'ఫస్సు' మని గాలి గట్టిగా లోపలికి పీల్చుకొని, ఆ తరువాత బండి స్టార్టయితే, టాంకుకు గాలి పోయే దారి మూసుకుపోయిందన్నమాట. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఇక వాలు మీద ఆగిన క్షణం సంగతి. ఇది అన్నిటికంటె ముందు చెప్పవలసింది, మిత్రుల కథలో పడి వెనకబడింది. ఇంజను ఆగగానే స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు పనిచేస్తుంది గాని, సాయపడే బలం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. కనుక పదేపదే కొట్టకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి. తాళం బయటికి లాగకండి, స్టీరింగు బిగిసిపోతుంది. పక్కకు ఆపి హ్యాండ్ బ్రేకు వేసి, ఎత్తు వైపు ముఖం ఉంటే మొదటి గేరులో, పల్లం వైపు ఉంటే రివర్సు గేరులో పెట్టండి. చక్రం కింద రాయి పెట్టించండి. జూబ్లీహిల్స్‌లో ఇంకేం కొరవడినా రాళ్లకు కొదవ లేదు. సెల్ఫ్ పది సెకన్లకు మించి ఒకేసారి కొట్టకండి, నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే అసలే కొట్టవద్దు, దిగి దూరంగా నిలబడండి.

పాత అలవాటున కొందరు బండిని వాలులో వదిలి, గేరు వేసి క్లచ్ వదిలితే అందుకుంటుందంటారు. మా జీపులకు అది పనిచేసేది. ఇప్పటి బండ్లకు చెయ్యకండి. బలంలేని బ్రేకుతో, బరువెక్కిన స్టీరింగుతో డెబ్బయి ఏళ్ల మనిషి వాలులో జారడం ప్రమాదం. ఆటోమేటిక్ బండి అలా అందుకోదు. నిప్పు పడని బండిలో కాలని పెట్రోలు పొగ గొట్టంలోని కన్వర్టరులోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

వానాకాలంలో ఒకటే నియమం. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్టు చెయ్యవద్దు. 2020 అక్టోబరు వానల్లో మన ఊరు ఎలా మునిగిందో అందరికీ గుర్తే. ఇంజను గాలితో పాటు నీటిని పీల్చుకుంటే, నీరు గాలిలాగా నొక్కుకుపోదు, లోపలి కడ్డీలే వంగిపోతాయి. ఆగినప్పుడు వంగకపోయినా, మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు వంగవచ్చు. మామూలు బీమా సాధారణంగా ఆ నష్టానికి రాదు, ఇంజను రక్షణ అని వేరే తీసుకుంటేనే వస్తుంది. ఇంటికి వెళ్లి మీ పాలసీ కాగితం ఒకసారి చూడండి.

సభలో ఒకరు చీటీ పంపారు, ఇథనాలు గురించి. 2025 నాటికి బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. దానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. దానికోసం తయారుచేయని పాత బండ్లలో రబ్బరు గొట్టాలు త్వరగా పాడయ్యే అవకాశం ఉంది. కనుక పదేళ్లు పైబడిన కారు పెట్రోలు గొట్టాలను సర్వీసింగులో చూడమని విడిగా చెప్పండి. మనవాళ్ల కార్లు నెలల తరబడి గుడ్డ కప్పుకొని నిలబడి ఉంటాయి, వారానికొకసారి అరగంట తిప్పండి. ఆగిపోయిన ప్రతి కారునూ ఇథనాలు మీదకు తోయడం మాత్రం సరికాదు. దాన్నీ ఆ నోటుపుస్తకంలో రాసి తేల్చవలసిందే.

ఆ పేజీ నమూనా జిరాక్సు తీయించి బయట, సంతకాల రిజిస్టరు పక్కన పెట్టాను. అరవై కాపీలు ఉన్నాయి. మెకానిక్‌కు బండి తాళంతో పాటు ఆ పేజీ కూడా ఇవ్వండి, పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి, బిల్లు మీద ఏది ఎందుకు మార్చారో రాయించండి. కార్యదర్శి గారు టీ వచ్చిందని సైగ చేస్తున్నారు. కారు గురించి ఇంకా అడగదలచిన వారు టీ దగ్గర అడగవచ్చు, నేను చివరి దాకా ఉంటాను.